చెత్తకో బీరువా!

మీ వీధిలో రోడ్డు తవ్వుతుంటే ఎప్పుడైనా ఆగి చూశారా? నీళ్ల పైపు కోసమో, కేబుల్ కోసమో తవ్విన గోతిలోంచి మట్టితోపాటు ఏవేవో పైకొస్తుంటాయి. పింగాణీ పెంకు, చెప్పు అడుగు, గోలీసోడా సీసా ముక్క, తుప్పు పట్టిన తాళంచెవి... కూలీలు వాటిని పారతో పక్కకు నెట్టేస్తారు. పిల్లలెవరైనా ఒకటి ఏరుకుని ఇంటికి పట్టుకెళ్తే 'ఛీ, అవతల పారెయ్' అని అమ్మ కేకలేస్తుంది. సాయంత్రానికి గొయ్యి పూడ్చేస్తారు. ఆ పెంకు ఎవరింటి కప్పుదో, ఎవరి చేతిలో పగిలిందో, అందుకు ఎవరి వీపు మోగిందో ఇక ఎవరూ అడగరు.

1999 వేసవిలో లండన్‌లో కొందరు అడిగారు. కొన్ని వారాలపాటు అదే పనిగా పెట్టుకున్నారు. వాళ్లను వెంటేసుకుని తిరిగింది పురావస్తు శాస్త్రవేత్త అనుకునేరు... కాదు, ఓ కళాకారుడు! పేరు మార్క్ డియాన్. అమెరికావాడు. కుంచె, రంగులు ఆయన సరంజామాలో పెద్దగా కనిపించవు. పాత మ్యూజియంల పద్ధతులు, వస్తువులను పోగేయడం, వరసలు పేర్చడం... ఇవే ఆయన కళకు ముడిసరుకు.

అప్పట్లో లండన్‌లోని టేట్ గ్యాలరీ కొత్తిల్లు కట్టుకునే హడావుడిలో ఉంది. థేమ్స్ నదికి దక్షిణాన బ్యాంక్‌సైడ్ అనేచోట 1981లో మూతబడ్డ విద్యుత్ కేంద్రం ఒకటుంది. 99 మీటర్ల పొగగొట్టం, దాని చుట్టూ ఇటుకల కోటలాంటి కట్టడం. దాన్నే ఆధునిక కళల మ్యూజియంగా మారుస్తున్నారు. 2000 మే నెలలో తెరుచుకుని, 'టేట్ మోడర్న్'గా లోకమంతా పేరు తెచ్చుకున్నది అదే. గోదాములు, మూతబడ్డ కర్మాగారాల పేట కాస్తా చూస్తుండగానే పర్యాటకులు, కాఫీ దుకాణాలు, ఖరీదైన ఫ్లాట్ల పేటగా మారిపోయింది. మారేముందు, ఆ నేలకు సంబంధించిన పాత సంగతులు ఒక్కసారి ఏరి చూద్దాం అన్నాడు డియాన్.

ఏటి ఒడ్డున వేట

థేమ్స్ మన కృష్ణా గోదావరుల్లాంటి నది కాదు. సముద్రపు ఆటుపోట్లు లండన్ నడిబొడ్డు దాకా వస్తాయి. రోజుకు రెండుసార్లు నీటిమట్టం ఏడు మీటర్ల దాకా పెరిగి తగ్గుతుంది. రెండంతస్తుల ఇల్లంత ఎత్తు! ఆటు సమయంలో నీళ్లు వెనక్కి పోగానే ఒడ్డున బురద, గులకరాళ్ల నేల బయటపడుతుంది. రోమన్లు ఊరు కట్టినప్పటి నుంచి దాదాపు రెండువేల ఏళ్లుగా లండన్ జనం వద్దనుకున్నవన్నీ ఆ నీళ్లలోనే పారేశారు. చేజారి పోగొట్టుకున్నవీ అందులోనే పడ్డాయి. గాలి చొరని చిక్కటి బురద కావడంతో తోలు, కొయ్య లాంటివి కూడా అందులో కుళ్లకుండా నిలుస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పేదింటి పిల్లలు ఈ బురదలోకి దిగి బొగ్గు ముక్కలు, ఇనుప మేకులు, తాడు ముక్కలు ఏరి అమ్ముకుని పొట్ట పోసుకునేవారు. వాళ్లను 'మడ్‌లార్క్'లు అనేవారు. ఇప్పుడది కాలక్షేపం. అదీ పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ అనుమతి ఉంటేనే! మూడొందల ఏళ్లు దాటిన వస్తువు దొరికితే మ్యూజియం వారికి చూపించి తీరాలి.

డియాన్ రెండు చోట్లు ఎంచుకున్నాడు. ఒకటి మిల్‌బ్యాంక్, పాత టేట్ గ్యాలరీ ఎదుట. రెండోది బ్యాంక్‌సైడ్, కొత్తది కడుతున్నచోట. ఊరికే ఎంచుకోలేదు. మిల్‌బ్యాంక్‌లో గ్యాలరీకి ముందు ఓ పెద్ద జైలుండేది. ఆస్ట్రేలియాకు ఓడల్లో పంపాల్సిన ఖైదీలను అక్కడే ఉంచేవారు. 1890లో అది మూతబడ్డాక, చక్కెర వ్యాపారి హెన్రీ టేట్ డబ్బుతో 1897లో గ్యాలరీ లేచింది. ఇక బ్యాంక్‌సైడ్ ఒకప్పుడు నగరం హద్దులు దాటిన పేట. ఊళ్లో కుదరనివన్నీ అక్కడ సాగేవి. నాటకశాలలు, ఎలుగుబంట్ల మీదికి కుక్కలను ఉసిగొల్పే పందేలు, పడుపు ఇళ్లు. షేక్‌స్పియర్ గ్లోబ్ థియేటర్ ఉన్నది అక్కడే. ఇప్పుడు పెద్దమనుషులు వచ్చి చూసే రెండు కళామందిరాల కిందా ఉన్నది ఇలాంటి నేలన్నమాట.

పని చేసింది చుట్టుపక్కల పేటల నుంచి వచ్చిన వాలంటీర్లు. వాళ్లలో కుర్రవాళ్లూ ఉన్నారు, పెద్ద వయసువాళ్లూ ఉన్నారు. ఆటు చూసుకుని బురదలోకి దిగడం, కంటికి కనిపించింది ఏరడం, పోటు వచ్చేలోగా బయటపడటం. తర్వాత టేట్ పచ్చిక మీద గుడారాలు వేసుకుని కూర్చున్నారు. ఏరుకొచ్చిన ప్రతి వస్తువునూ కడిగారు, ఆరబెట్టారు, రకాలుగా విడదీశారు. వచ్చేపోయేవాళ్లు ఆగి చూసేవారు. ఏది ఏమిటో గుర్తుపట్టడానికి అప్పటి మ్యూజియం ఆఫ్ లండన్ నిపుణులు సాయపడ్డారు. అంటే మ్యూజియం గోడల వెనక జరిగే పనంతా ఆరుబయట జరిగింది.

ఏం దొరికాయి? రాజుగారి కిరీటం లాంటివి ఆశించకండి. పొగ తాగే మట్టి గొట్టాలు బోలెడు. ఆ రోజుల్లో అవి మన బీడీల్లాంటివి. తాగడం, విరగ్గానే పారేయడం. నీలిపూతల డెల్ఫ్ట్ పింగాణీ పెంకులు. గడ్డం మనిషి ముఖం అచ్చేసిన జర్మన్ జాడీ ముక్కలు. ఆల్చిప్పలు... అవి ఒకప్పుడు లండన్ పేదల తిండి, ఇప్పుడు పెద్ద హోటళ్లలో దొరల తిండి! ఎముకలు, సీసాలు, ప్లాస్టిక్ బొమ్మలు. ఓ సీసాలో అరబ్బీ లిపిలో రాసిన చీటీ. మనిషి కాలి పిక్క ఎముక ముక్క కూడా ఒకటి దొరికింది. ఎవరిదో!

వీటన్నిటికీ డియాన్ ఓ పెద్ద మహాగనీ బీరువా చేయించాడు. తాతలనాటి మ్యూజియంలలో ఉండే తరహా. అద్దాల తలుపులు, కింద సొరుగులు. ఒకవైపు మిల్‌బ్యాంక్ సరుకు, రెండోవైపు బ్యాంక్‌సైడ్ సరుకు. అది టేట్ సేకరణలో ఉంది. అందులో అసలు విశేషం ఏమిటంటే, ఏ వస్తువు పక్కనా చీటీ ఉండదు. ఏ కాలానిదో, వెల ఎంతో రాసి ఉండదు. వందల ఏళ్లనాటి పెంకూ, నిన్నమొన్నటి ప్లాస్టిక్ ముక్కా ఒకే వరసలో పక్కపక్కన కూర్చుంటాయి. రంగు కలిసిందనో, రకం కలిసిందనో పేర్చినవే. ఏది చరిత్ర, ఏది చెత్త అన్నది చూసేవాళ్లే తేల్చుకోవాలి.

మడత కాజా న్యాయం

ఇక్కడ పురావస్తు శాస్త్రవేత్తలకు ఒళ్లు మండటం సహజం. వాళ్ల శాస్త్రమంతా పొరల మీదే నిలబడింది. నేల మడత కాజా లాంటిది. అడుగు పొర పాతది, పై పొర కొత్తది. ఏ వస్తువు ఏ పొరలో, దేని పక్కన దొరికిందో రాసుకుంటేనే దానికి అర్థం. పొర తెలియని వస్తువు చిరునామా లేని ఉత్తరం లాంటిది. అలాంటిది ఓ కళాకారుడు వచ్చి అన్నీ కలగలిపి, చీటీలు లేకుండా రంగుల వారీగా పేరిస్తే? ఇది శాస్త్రమా, ఇంట్లో బొమ్మల కొలువా అని అడిగితే తప్పేముంది?

ప్రశ్న సరైనదే. అయితే ఈ వ్యవహారంలో నష్టపోయింది పెద్దగా ఏమీ లేదని నాకనిపిస్తుంది. ఒడ్డు పైపైన పడున్న వస్తువులను ఆటుపోట్లు ఏనాడో కలగాపులగం చేసేశాయి. వాటి పొర ఎప్పుడో పోయింది. అదే నేలలోకి దిగి తవ్వే చోట ఇలా చేసి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది. కళ పేరుతో గునపం పట్టుకునేవాళ్లకు కాస్త భయం ఉండటం మంచిదే.

నిజం చెప్పాలంటే పొరలను పోగొట్టేది కళాకారులు కాదు, బిల్డర్లు! బ్యాంక్‌సైడ్‌కే ఆ అనుభవం ఉంది. 1989లో అక్కడ ఆఫీసు భవనం కోసం తవ్వుతుంటే 1587 నాటి రోజ్ థియేటర్ పునాదులు బయటపడ్డాయి. షేక్‌స్పియర్ నాటకాలు ఆడిన స్థలం. బుల్‌డోజర్లకు అడ్డంగా నటీనటులు, జనం నిలబడ్డారు. చివరికి భవనం డిజైను మార్చి, పునాదులను దాని అడుగున భద్రంగా ఉంచారు. ఆ గొడవ చల్లారాక 1990లో ఇంగ్లండ్ ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. పాత నేల మీద కట్టాలనుకునేవాడే ముందు తవ్వకాల ఖర్చు భరించాలి అన్నది వాటి సారాంశం. అప్పటి నుంచి లండన్‌లో కొత్త భవనం లేచిన చోటల్లా ముందు పురావస్తు బృందం దిగడం మామూలైంది. కాకపోతే ఆ తవ్వకాలు ఎత్తయిన రేకుల వెనక జరుగుతాయి, నివేదికలు బీరువాల్లో మూలుగుతాయి. పక్కింటివాళ్లకు కూడా ఏం దొరికిందో తెలియదు. డియాన్ గుడారాలు ఆ రేకులను పక్కకు జరిపాయి. ఆయన చేసిన మేలు అదీ.

ఆయన ఇదే పని న్యూయార్క్‌లోనూ చేశాడు. అక్కడి మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌ను పెంచి కడుతున్నప్పుడు, ఆ స్థలంలో ఒకప్పుడున్న ఇళ్ల తాలూకు అవశేషాలు ఏరి 2004లో ప్రదర్శనగా పెట్టాడు. రాక్‌ఫెల్లర్ల ఇల్లు ఉన్న చోటది. కోటీశ్వరుల ఇంటి ఇటుకైనా పడగొట్టాక ఇటుకే కదా!

మెట్రో మింగిన నది

లండన్ కథలో కళాకారుడు ముందు నడిచాడు, శాస్త్రవేత్తలు సాయం పట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇది తిరగబడింది.

ఆమ్‌స్టెల్ నదికి ఆనకట్ట కట్టినచోట పుట్టిన ఊరు కాబట్టి ఆమ్‌స్టర్‌డామ్. ఆనకట్టకు అటూ ఇటూ ఉన్న నదీపాయలే డామ్రాక్, రోకిన్. పడవలు ఆగి సరుకు దించేది అక్కడే. కాలక్రమంలో వాటిని చాలావరకు పూడ్చి వీధులు చేశారు. 2003లో ఆ వీధుల కిందనుంచే మెట్రో సొరంగం పనులు మొదలయ్యాయి. ఉత్తర దక్షిణ లైన్ అంటారు. పొడవు పది కిలోమీటర్ల లోపే.

ఆ పది కిలోమీటర్లు నగరాన్ని ఏడిపించాయి. ఊరంతా మెత్తటి నేల మీద కొయ్య గుంజలు పాతి కట్టిన ఇళ్లాయె. 2008లో స్టేషన్ గోడలోంచి నీరు, ఇసుక కారడంతో ఫెయిజెల్‌హ్రాక్ట్ వీధిలో ఇళ్లు కుంగిపోయాయి. అవి పదిహేడో శతాబ్దంలో నేతగాళ్ల కోసం కట్టిన ఇళ్లు. జనాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది మెట్రో వ్యవహారాలు చూసే నగర పాలకుడు రాజీనామా చేశాడు. 2011లో పూర్తి కావాల్సిన లైన్ 2018 జులై 22న గానీ తెరుచుకోలేదు. ఖర్చు 300 కోట్ల యూరోలు దాటింది. విసిగిపోయిన జనానికి ఈ మెట్రో పేరెత్తితేనే కోపం.

ఈ గందరగోళం మధ్యలోనే, అదే గోతుల్లో మరో పని నిశ్శబ్దంగా సాగింది. డామ్రాక్, రోకిన్ వద్ద ఇంజినీర్లతోపాటు నగర పురావస్తు విభాగం వాళ్లు కూడా దిగారు. మామూలుగా నది అడుగును అలా తవ్వి చూసే అవకాశం ఎక్కడా దొరకదు. ఇక్కడ మెట్రో పుణ్యమా అని దొరికింది. యెర్జీ గావ్రోన్‌స్కీ, పీటర్ క్రానెన్‌డోంక్ అనే పురావస్తు శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో సాగిన ఆ తవ్వకాల్లో బయటపడ్డ వస్తువులు ఎన్నో తెలుసా? దాదాపు ఏడు లక్షలు!

నాణేలు, తాళాలు, తాళంచెవులు, కత్తులు, పాచికలు, కుండపెంకులు, బూట్లు, కట్టుడు పళ్లు... చివరికి మొబైల్ ఫోన్లు. వంతెన మీద నిలబడి మాట్లాడుతూ ఎవరో జారవిడిచి ఉంటారు. పాపం, కొత్త ఫోనేమో!

అన్ని వస్తువులతో ఏం చేయాలి? ఏ దేశంలోనైనా సులువైన దారి ఒకటుంది. పెట్టెల్లో పెట్టి, నంబర్లు వేసి, గోదాములో తాళం వేయడం. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు అంతటితో ఆగలేదు. వేలాది వస్తువులను ఒక్కొక్కటిగా ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. కాలక్రమంలో వెనక్కి వెనక్కి వెళ్తూ చూసుకోవచ్చు. ఇష్టమైనవి ఎంచుకుని మీ సొంత అద్దాల బీరువా కూడా పేర్చుకోవచ్చు. చూస్తుంటే గంటలు గడిచిపోతాయి. రోకిన్ స్టేషన్‌లో ఎస్కలేటర్ల నడుమ పొడవాటి అద్దాల అరలు కట్టి, అందులో సుమారు పదివేల వస్తువులు పేర్చారు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ కదులుతూనే చూస్తారు. చూడటానికి వేరే టిక్కెట్టు అక్కర్లేదు, మెట్రో టిక్కెట్టు చాలు. ప్లాట్‌ఫామ్ గోడల పని డేనియల్ డ్యూయర్, గ్రెగరీ జికెల్ అనే కళాకారుల జంటకు అప్పగించారు. తవ్వకాల్లో బయటపడ్డ వస్తువుల నుంచి ప్రేరణ పొంది వాళ్లు రాళ్లతో పొదిగిన బొమ్మలు తీర్చారు. అరచేతిలో పట్టే వస్తువులు గోడంత పెద్దవై కూర్చున్నాయి.

అనుమానం రాకపోదు. ఇళ్లు కుంగదీసి, కోట్లు కుమ్మరించి, చివర్లో అందమైన బీరువా చూపించి జనాన్ని ఊరుకోబెట్టడం కాదా ఇది? కొంతవరకు అవును. ఏ నగరంలోనైనా పెద్ద ప్రాజెక్టు పక్కన కళ ఉందంటే అది కాస్త పూలదండ పని కూడా చేస్తుంది. అయినా ఆ ఏడు లక్షల వస్తువులను చూస్తే ఒకటి ఒప్పుకోక తప్పదు. ఊరి చరిత్ర పుస్తకాల్లో ఓడల యజమానులు, చిత్రకారులు, మేయర్లు ఉంటారు. ఈ అరల్లో ఉన్నవి వాళ్ల వంటమనుషులవి, పడవవాళ్లవి, పిల్లలవి. వాళ్ల గురించి కాగితం మీద రాసినవాళ్లు తక్కువ.

అందరూ ఇంత ఓపిక పట్టలేదు. ఇస్తాంబుల్‌లో మర్మరే రైలు సొరంగం కోసం యెనికాపి వద్ద 2004 నుంచి తవ్వితే, పూడిపోయిన బైజాంటియన్ రేవు, అందులో 37 ఓడలు బయటపడ్డాయి. పనులు ఏళ్ల తరబడి ఆగాయి. కుండపెంకుల కోసం ఆలస్యమా అంటూ అప్పటి ప్రధాని ఎర్డోగాన్ బహిరంగంగానే విసుక్కున్నారు. చివరికి సొరంగం 2013లో మొదలైంది. ఆయన విసుగును తేలిగ్గా తీసిపారేయలేం. రోజూ గంటలకొద్దీ ట్రాఫిక్‌లో చిక్కుకునేవాడికి రైలు కావాలి. వాడి గోడు కూడా ఊరి కథలో భాగమే.

మన సంగతి

ఊళ్లు మారేటప్పుడు నేలను తవ్వి చూసిన చరిత్ర మనకు లేదనుకోవద్దు. నాగార్జునసాగర్ డ్యామ్ కోసం 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు. మునిగిపోబోయే లోయలో ఉన్నది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. 1954 నుంచి 1960 వరకు ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు బృందాలు నీటితో పందెం వేసినట్టు తవ్వాయి. కొన్ని కట్టడాలను ఇటుకా రాయీ విప్పి కొండ మీదా, అనుపులోనూ మళ్లీ పేర్చారు. ఇప్పుడు మనం లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లి చూసేది అదే. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తెచ్చిందీ అలాగే. గుళ్లను, స్తూపాలను కాపాడటంలో మనం ఎవరికీ తీసిపోం.

తేలిపోయేదల్లా పెంకుల దగ్గరే. గుడి కాదు, కోట కాదు, శాసనం కాదు... అలాంటి వస్తువుకు మన దగ్గర ఏ సొరుగూ లేదు. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. తొలిదశ లైన్లన్నీ స్తంభాల మీద పోతాయి కాబట్టి ఆమ్‌స్టర్‌డామ్‌లా ఊరి కడుపు కోయాల్సిన పని పడలేదు. కానీ రోడ్డు వెడల్పు చేయడం ఉంటుంది కదా! పాతబస్తీలో ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు లైన్ కోసం 2025లో ఇళ్లు, దుకాణాల కూల్చివేత మొదలైంది. దారిలో ఉన్న చారిత్రక కట్టడాల మాటేమిటంటూ కొందరు హైకోర్టు మెట్లెక్కారు. కట్టడాల తరఫున అడగడానికి ఎవరో ఒకరు ఉన్నారు, సంతోషం. కూలిన దుకాణం అటకమీది రేకు డబ్బాలు, పాత తూకపు రాళ్లు, ఉర్దూలో చేత్తో రాసిన బోర్డులు, గల్లాపెట్టె... ఇవి ఏ లారీలో ఏ చెరువు పూడ్చడానికి వెళ్తున్నాయో?

దీనికి ఏ కోట్ల యూరోలూ అక్కర్లేదు. ఫైన్ ఆర్ట్స్ కాలేజీ విద్యార్థులు పదిమంది, పురావస్తు శాఖ నుంచి ఒక్క నిపుణుడు, ఆ గల్లీలోనే పుట్టిపెరిగిన ముసలివాళ్లు నలుగురు, వేయడానికో షామియానా. లండన్ పచ్చిక మీద జరిగింది అంతకంటే మరీ ఎక్కువేం కాదు. ఆ తూకపు రాయి చూపించి 'చాచా, ఇది దేనికి వాడేవారు?' అని అడిగితే చెప్పగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. డియాన్ బీరువాలోని పిక్క ఎముక గురించి చెప్పడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు.